1996 వరల్డ్ కప్ అంటే ఈడెన్ గార్డెన్స్ ఒక్కటేనా? మీ జ్ఞాపకాలు రాయండి

పుల్లఐస్:
ఎక్కడ 1996 మాట వచ్చినా జనం నేరుగా మార్చి 13కి, కోల్‌కతా ఈడెన్‌లో శ్రీలంకతో మధ్యలో ఆగిపోయిన సెమీఫైనల్‌కి వెళ్లిపోతారు. కాంబ్లీ ఏడుపు, స్టాండ్స్‌లో మంటలు, గ్రౌండ్లో సీసాలు. నెల రోజుల టోర్నీలో మనకి మిగిలింది ఆ ఒక్క రాత్రేనా? నాకు మాత్రం ఆ కప్పు అంటే ఫిబ్రవరి 23, శుక్రవారం, వైజాగ్ మున్సిపల్ స్టేడియం. ఇందిరా ప్రియదర్శిని అని పేరుంది గానీ మా ఊళ్లో అప్పట్లో అందరూ మున్సిపల్ స్టేడియం అనేవారు.

ఆస్ట్రేలియా, కెన్యా మ్యాచ్. నేను ఎనిమిదో తరగతి. నాన్న స్నేహితుడెవరో రెండు టికెట్లు ఇచ్చారు. బడికి జ్వరమని చీటీ రాసింది మా అమ్మే. గ్యాలరీ అంటే సిమెంటు మెట్లే, పైన నీడ లేదు. పదిన్నరకల్లా మెట్టు పెనంలా కాలిపోయింది. నాన్న భుజం మీది తువ్వాలు తీసి నీళ్లలో తడిపి మెట్టు మీద పరిచారు. పావుగంటలో అది అప్పడంలా అయిపోయింది.

టేలర్, పాంటింగ్ మొదట్లోనే వెళ్లిపోయారు. మా చుట్టుపక్కల వాళ్లంతా కెన్యా కెన్యా అని అరవడం మొదలుపెట్టారు. ఎందుకో ఎవరికీ తెలీదు. ఆ తర్వాత మార్క్ వా, స్టీవ్ వా ఇద్దరూ కుదురుకున్నారు. ఇక చూడాలి, అన్నదమ్ములు పంచుకున్నట్టు కాకుండా పోగేసుకున్నట్టు ఆడారు. మార్క్ వా 130. ఫ్లిక్ కొడుతుంటే బ్యాట్ చప్పుడు మాకు వినపడేది కాదు. బంతి మాత్రం తాడు దాటేసేది.

బౌండరీ దగ్గర ఒక కెన్యా ఫీల్డర్‌ని మావాళ్లు ఓవర్ ఓవర్‌కీ పిలిచేవారు. ఆయన వెనక్కి తిరిగి చెయ్యి ఊపేవాడు. ఒకసారి ఎవరో పొట్లంలో మరమరాల మిక్చర్ చూపించి తింటావా అని సైగ చేశారు. ఆయన పొట్ట తడుముకుని నవ్వాడు. ఆ నవ్వు నాకింకా కళ్లముందే ఉంది. పేరు మాత్రం తెలుసుకోలేదు.

వస్తూ వస్తూ తోపులాటలో ఒక హవాయి చెప్పు పోయింది. ఒంటి చెప్పుతో ఇంటికి వెళ్లాను. మీవీ రాయండి.

స్కోర్‌బుక్:
మంచి టాపిక్ పెట్టారండీ. లెక్కలు నేను ఇస్తాను. ఆస్ట్రేలియా 304/7, కెన్యా 207/7. తేడా 97. వా సోదరులు మూడో వికెట్‌కి 207 కలిపారు, అప్పటికి వరల్డ్ కప్‌లో ఏ వికెట్‌కైనా అదే పెద్ద భాగస్వామ్యం. అంటే ఇద్దరు అన్నదమ్ములు ఎంత కొట్టారో కెన్యా జట్టంతా కలిసి అంతే కొట్టింది. కెన్నెడీ ఒటియెనో 85, మారిస్ ఒడుంబె 50.

ఇంకొకటి చాలామందికి తెలియదు. ఆ కప్పులో ఆస్ట్రేలియా అడుగుపెట్టిన తొలి మ్యాచే అది. కొలంబోలో ఆడాల్సిన మ్యాచ్‌కి వాళ్లు వెళ్లలేదు కదా. క్రెయిగ్ మెక్‌డెర్మాట్ ఆఖరి వన్డే కూడా మీరు చూసిందే. పిక్క పట్టేసి మూడు నాలుగు ఓవర్లకే తప్పుకున్నాడు, ఇక మళ్లీ ఆస్ట్రేలియాకి ఆడలేదు.

పుల్లఐస్:
అయ్యబాబోయ్, మెక్‌డెర్మాట్ వెళ్లిపోవడం చూశాను! అప్పుడు మేం నీళ్లు తాగడానికి వెళ్తున్నాడనుకున్నాం.

మణికట్టు:
అన్నా, మీ వైజాగ్ కన్నా వారం ముందే మా హైదరాబాద్‌లో అయింది. ఫిబ్రవరి 16, లాల్ బహదూర్ స్టేడియం, వెస్టిండీస్, జింబాబ్వే. రంజాన్ నెల, శుక్రవారం. మా దోస్తుల్లో సగం మంది ఉపవాసంతోనే వచ్చిన్రు. వాళ్ల ముందు మేం సమోసా తినలేక, దాచుకోలేక ఇబ్బంది పడ్డాం.

అంబ్రోస్‌ని టీవీలో చూసుడు వేరు. స్టాండ్ నుంచి చూస్తే మనిషి ముందు వస్తడు, చెయ్యి తర్వాత ఎక్కడి నుంచో పై నుంచి వస్తది. జింబాబ్వే వాళ్లు పాపం 151 దగ్గర ఆగిపోయిన్రు. లారా వచ్చి 43 నాటౌట్. ముప్పై ఓవర్లు కూడా పట్టలే. నాకు గుర్తున్నది మాత్రం పాల్ స్ట్రాంగ్ అనే లెగ్ స్పిన్నర్. పడ్డ నాలుగు వికెట్లూ ఆయనవే. ఓడిపోయే మ్యాచ్‌ల కూడా ప్రతి వికెట్‌కీ కప్పు గెలిచినట్టు ఎగిరిండు.

అయిపోయినంక ఆబిడ్స్ దాకా నడుచుకుంటూ పోయి హలీం తిన్నం. ప్లేట్ చేతిల పట్టుకుని, "లారా ఒక్క గంట ఇంకా ఆడితే బాగుండు" అని మా దోస్తు అన్నది ఇప్పటికీ చెప్పుకుంటం.

లెగ్‌బై:
నా వాటా: ఆ కప్పులో సచిన్ బ్యాట్ మీద స్టిక్కర్ లేదు, గుర్తుందా ఎవరికైనా? ఉత్త చెక్క. కటక్‌లో కెన్యా మీద 127 నాటౌట్ కొట్టిన మర్నాడు నా బ్యాట్ స్టిక్కర్‌ని మా నాన్న గడ్డం గీసుకునే బ్లేడుతో గీకేశాను. బ్లేడు పాడైంది, వీపు పగిలింది. నెలలు తిరక్కుండానే సచిన్ బ్యాట్ మీద ఎం.ఆర్.ఎఫ్. వచ్చింది! కిటికీలకి వేసే ఎర్ర పెయింట్ తెచ్చి నేనే రాసుకున్నా. 'ఆర్' తిరగబడింది. ఆ బ్యాట్‌తోనే రెండేళ్లు ఆడా.

రేడియో_పిన్ని:
మీరంతా స్టేడియాలు, టీవీలు అంటున్నారు. నాది రేడియో కప్పు.

గుంటూరులో హాస్టల్లో ఉండి డిగ్రీ చదివేదాన్ని. టీవీ గది తాళం వార్డెన్ గారి దగ్గర ఉండేది, ఆదివారం సినిమాకి తప్ప తెరిచేవారు కాదు. మా గదిలో నలుగురం, ఒక చిన్న ట్రాన్సిస్టర్. కొత్త సెల్స్ కొనడానికి డబ్బులు లేకపోతే పాతవి మధ్యాహ్నం పిట్టగోడ మీద ఎండలో పెట్టేవాళ్లం. సాయంత్రానికి కాస్త ప్రాణం వచ్చేది. కాకులు తన్నుకుపోతాయేమోనని ఒకళ్లం కాపలా.

మార్చి 9, బెంగళూరు, పాకిస్తాన్‌తో క్వార్టర్ ఫైనల్. మా బ్యాటింగ్ మొదట్లో సిద్ధూ నిదానంగా పోగేశాడు, 93 దగ్గర అవుటయ్యాడు. కామెంటరీ ఒకసారి హిందీ, ఒకసారి ఇంగ్లీషు. చివర్లో జడేజా వకార్‌ని కొడుతుంటే మాకు అర్థం కాలేదు, ఎందుకంటే కామెంటేటర్ చెప్పేలోపే జనం గోల మింగేసేది. గోల ఎంతసేపు ఉంటే అంత పెద్ద షాట్ అని మేం లెక్కేసుకున్నాం. పొడుగు గోల సిక్సరు, పొట్టి గోల ఫోరు.

పాకిస్తాన్ బ్యాటింగ్ మొదలయ్యేసరికి సెల్స్ నీరసించాయి. అన్వర్, సోహైల్ ఉతుకుతున్నారు. సౌండ్ తగ్గిపోతుంటే నలుగురం తలలు ఒకే చోట పెట్టి విన్నాం. ప్రసాద్ బౌలింగ్. ఫోరు. ఆ తర్వాతి బంతి. గోల. ఆ గోల ఎంతకీ ఆగలేదు. సిక్సరు పోయిందనుకుని మా రూమ్మేట్ ఏడుపు మొదలుపెట్టింది. అప్పుడు సన్నగా వినపడింది, బోల్డ్ అని.

సోహైల్ బ్యాట్ చూపించాడనీ, ప్రసాద్ ఏదో అన్నాడనీ నాకు ఆ రాత్రి తెలియదు. అందరూ చూసిన ఆ దృశ్యం నేను నా పెళ్లయ్యాక చూశాను. చూస్తే, చిన్నదిగా అనిపించింది. రేడియోలో ఇంకా పెద్దగా ఉండింది.

జీరో_డౌన్:
పిన్నిగారూ సూపర్ 🙏 నేను పుట్టిందే 1999లో. మాకు ఆ సోహైల్ క్లిప్ ఫోన్లో నలభై సెకన్లు. సెల్స్ ఎండలో పెడితే నిజంగా పని చేస్తాయా?

రేడియో_పిన్ని:
పనిచేసేవి నాయనా. వేడికి కాసేపు. పళ్లతో కొరికి వేసేవాళ్లు కూడా ఉండేవారు, అది మాత్రం చెయ్యకు.

స్కోర్‌బుక్:
ఆ మ్యాచ్‌లో వకార్ మొదటి 8 ఓవర్లకి 27 పరుగులే ఇచ్చాడు. ఆఖరి 2 ఓవర్లకి 40. జడేజా 25 బంతుల్లో 45. భారత్ 287/8. ఓవర్ రేట్ తక్కువైనందుకు పాకిస్తాన్‌కి ఒక ఓవర్ కోత పడింది, 49 ఓవర్లలో 248/9. ప్రసాద్, కుంబ్లే చెరి మూడు. మియాందాద్‌కి అది ఆరో వరల్డ్ కప్, అదే ఆఖరి మ్యాచ్. 38 దగ్గర రనౌట్. వసీం అక్రమ్ గాయంతో ఆడలేదు.

ట్రాక్టర్_బ్యాటరీ:
పేరు చూస్తేనే అర్థమైపోయి ఉంటుంది నేనేం చెప్పబోతున్నానో.

మాది కృష్ణా జిల్లాలో దివి తాలూకా వైపు. ఊరంతటికీ కలర్ టీవీలు మూడు. కరెంటు వాళ్లకి మా మీద ఏం పగో, సాయంత్రం ఆరు అయిందంటే తీసేసేవారు. అందుకని సెమీస్ రోజు మా పెదనాన్న ట్రాక్టర్ బ్యాటరీ ఊడదీసి అరుగు మీద పెట్టారు. దానికి పనిచేసేది ఒక బుల్లి నలుపు తెలుపు టీవీ. దాని ముందు అరవై డెబ్భై మంది. వెనకవాళ్లకి ఏమీ కనపడదు, ముందువాళ్లు చెప్తుంటే వింటారు. ఒకడు అచ్చంగా యాంటెనా దగ్గరే. "బొమ్మ వచ్చిందా?" "వచ్చింది, పోయింది, అట్టాగే పట్టుకో!"

శ్రీనాథ్ మొదటి ఓవర్‌లోనే కలువితరణ, జయసూర్య ఇద్దరూ థర్డ్ మ్యాన్‌కి క్యాచ్ ఇచ్చి పోయారు. ఇక ఊళ్లో కొబ్బరికాయ కొట్టడమే తక్కువ. మా బాబాయి అప్పుడే జీళ్లు తెప్పించి పంచేశాడు. అదే మా ఊళ్లో ఇప్పటికీ సామెత. పని కాకముందే సంబరపడే వాడిని "జీళ్లు పంచుతున్నావేంట్రా" అంటారు.

అరవింద డిసిల్వా వచ్చి 66 కొట్టాడు. ఆ కొట్టుడు చూస్తే రెండు వికెట్లు పోయిన వాడిలా లేడు. మహానామ కాళ్లు పట్టేసి మోయించుకుని పోయేదాకా ఆడాడు. 251. పర్లేదు, సచిన్ ఉన్నాడుగా అనుకున్నాం.

98కి ఒక వికెట్. బంతి సచిన్ ప్యాడ్‌కి తగిలి పక్కకి దొర్లింది. పరుగుకని రెండడుగులు ముందుకేశాడు. కలువితరణ అందుకుని బెయిల్స్ లేపాడు. మా అరుగు మీద ఎవరూ మాట్లాడలేదు. పెదనాన్న మెల్లిగా లేచి, "పొద్దున్నే దమ్ముకి పోవాలి, బ్యాటరీ దిగిపోద్ది" అన్నారు. మార్చిలో దమ్మేంటి? అప్పటికే తెలిసిపోయింది ఆయనకి.

మణికట్టు:
98/1 నుంచి 120/8. 22 పరుగులకి ఏడు వికెట్లు. అజ్జూ భాయ్, మన కెప్టెన్ అజారుద్దీన్, సున్నా, ధర్మసేనకే తిరిగి క్యాచ్. ఆ రాత్రి మా గల్లీల గోడ మీది అజ్జూ పోస్టర్‌కి ఎవరో పేడ కొట్టిన్రు. ఢిల్లీల అదే శ్రీలంక మీద 72 నాటౌట్ కొట్టినప్పుడు దానికే పూలదండ వేసిన్రు, పది రోజులే మధ్యల.

నేను పొద్దున్నే లేచి బకెట్ తీసుకపోయి కడిగిన. కాలర్ లేపి, మెడల తాయెత్తుతో, బంతిని మిడ్ వికెట్ వైపు అట్ల తిప్పే ఫొటో అది. కడిగితే రంగు పోయింది, మొహం తెల్లగ అయింది.

లెగ్‌బై:
టాస్ గెలిచి బౌలింగ్ ఎందుకు తీసుకున్నాడో మాత్రం నన్నడక్కండి. పొడిపొడిగా ఉన్న పిచ్ మీద రెండో బ్యాటింగా? దాని వెనక ఏదో

మోడరేటర్:
లెగ్‌బై గారూ, మిగతా వాక్యం తీసేశాను. ఆధారం లేని మాటలు ఇక్కడ వద్దు. క్రికెట్ మాట్లాడండి.

స్కోర్‌బుక్:
క్రికెట్ కారణం ఉంది. మార్చి 2న ఢిల్లీలో మనం 271 కొట్టాం, సచిన్ 137. శ్రీలంక 272/4, ఇంకా బంతులు మిగిలాయి. మొదటి మూడు ఓవర్లలోనే 42. ప్రభాకర్ 4 ఓవర్లకి 47 ఇచ్చాడు, చివరికి ఆఫ్ స్పిన్ వేశాడు, దాంతో ఆయన కెరీరే అయిపోయింది. వీళ్లకి ఎంత కొట్టినా చాలదు, వాళ్లనే ముందు ఆడించి మనం ఛేజ్ చేద్దాం అన్న ఆలోచన అక్కడే పుట్టింది. ఢిల్లీ భయం కోల్‌కతాలో టాస్ వేసింది.

నన్నడిగితే అసలు తప్పు టాస్ కాదు. క్వార్టర్స్ ఆడిన మన వెంకటపతి రాజుని పక్కన పెట్టి ఆశిష్ కపూర్‌ని తీసుకున్నారు. ఆ పిచ్ మీద ఎడమచేతి స్పిన్ వేసిన జయసూర్య 7 ఓవర్లలో 12 పరుగులకి 3 వికెట్లు తీశాడు. మన ఎడమచేతి స్పిన్నర్ పెవిలియన్‌లో కూర్చుని చూశాడు.

మణికట్టు:
స్కోర్‌బుక్ అన్నా, ముప్పై ఏళ్లకి దగ్గరైతుంది, ఈ ముక్క మా బస్తీల నేను తప్ప ఇంకెవరూ అనలే. మీకు బిర్యానీ బాకీ.

మెల్‌బోర్న్_మావ:
నేను ఇక్కడికి వచ్చాక ఒక సంగతి జరిగింది. ఆఫీసులో నా పక్క సీటు ఆయనది కొలంబో. నా కన్నా పదేళ్లు పెద్ద. మధ్యాహ్నం భోజనం దగ్గర ఓసారి మార్చి 13 గురించి నా గోడు మొత్తం వెళ్లబోసుకున్నాను. ఆయన విని, పప్పు వడ్డించుకుంటూ, "మీ ఊళ్లో మ్యాచ్ ఆగిపోయింది. మా ఊళ్లో మొదలే కాలేదు" అన్నారు.

జనవరి 31న సెంట్రల్ బ్యాంక్ దగ్గర బాంబు పేలినప్పుడు ఆయన ఆ పక్క వీధిలోనే ఉన్నారట. ఆస్ట్రేలియా, వెస్టిండీస్ కొలంబో రామని చెప్పేశాయి. ఆయన ఆస్ట్రేలియా మ్యాచ్‌కి టికెట్ కొనుక్కుని ఉన్నారు. పాయింట్లు వచ్చాయి, ఆట రాలేదు. ఫిబ్రవరి 13న మనవాళ్లూ పాకిస్తాన్ వాళ్లూ ఒకే జట్టుగా వెళ్లి కొలంబోలో ఒక మ్యాచ్ ఆడారు గుర్తుందా? దానికి వెళ్లారు ఆయన. ఎవరు గెలిచారో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. "వచ్చారు కదా" అన్నారంతే.

లాహోర్ ఫైనల్ రాత్రి వాళ్ల వీధిలో గిన్నెలు, పళ్లాలు మోగించారట. అరవింద డిసిల్వా 107 నాటౌట్, మూడు వికెట్లు. ఇక్కడ మెల్‌బోర్న్‌లో ఉంటూ ఆస్ట్రేలియా వాళ్ల ముందు ఆ స్కోర్ చెప్పేటప్పుడు ఆయన గొంతు ఇప్పటికీ కాస్త తగ్గిస్తారు, మర్యాదకి.

స్కోర్‌బుక్:
ఆ కొలంబో మ్యాచ్ స్కోర్‌కార్డులో ఒక లైను నేను కాపీ చేసి పెట్టుకున్నాను. కలువితరణ, క్యాచ్ టెండూల్కర్, బౌలింగ్ వసీం అక్రమ్. ఇలాంటి లైను ఎక్కడా దొరకదు.

జీరో_డౌన్:
మా నాన్న కూడా 96 అనగానే ఏడుపు మొహం పెడతాడు. ఈ థ్రెడ్ చదివి వినిపిస్తే, "ఫిబ్రవరి 29న కెన్యా గెలిచింది చూడు, అది రాయమను" అన్నాడు. ఏమిటది?

పుల్లఐస్:
మీ నాన్నగారికి నా దండాలు! పుణె. నాలుగేళ్లకోసారి వచ్చే తేదీ, అది కూడా రాని గెలుపు. కెన్యా 166. అందులో అన్నిటికన్నా ఎక్కువ స్కోరు ఎవరిదో తెలుసా? ఎక్స్‌ట్రాలది, 37. వెస్టిండీస్ 93కే ఆలౌట్. లారా 8. ఒడుంబె 15 పరుగులిచ్చి మూడు వికెట్లు తీశాడు. కీపర్ తారిక్ ఇక్బాల్ పొద్దున్నుంచీ బంతులు వదిలేస్తున్నాడు, లారా క్యాచ్ మాత్రం ఎలాగో కాళ్ల మధ్య ఇరికించుకుని పట్టేశాడు.

ఆ రోజు సాయంత్రం మా వీధిలో పిల్లలందరం కెన్యా అయ్యాం. వెస్టిండీస్ అవ్వడానికి ఎవరూ ఒప్పుకోలేదు. టెన్నిస్ బంతి, గోడకి బొగ్గుతో గీసిన వికెట్లు, రెండు వైపులా కెన్యానే. ఆరు రోజుల ముందు నేను వాళ్లని కళ్లారా చూశానని చెప్తే ఒక్కడూ నమ్మలేదు. రుజువుగా ఆ ఒంటి చెప్పు తెచ్చి చూపించా. "చెప్పు చూపిస్తే మ్యాచ్ చూసినట్టా" అన్నారు.

ట్రాక్టర్_బ్యాటరీ:
హహహ. రెండు వైపులా కెన్యానే!

మా ఊళ్లో ఆ కప్పు తర్వాత ఏడాది పాటు కుడిచేతి వాటం పిల్లలు కూడా ఎడమచేత్తో ఆడారు, జయసూర్యలమని. ఒక్కడికీ బంతి తగిలేది కాదు. పదిహేను ఓవర్ల దాకా కొట్టాలంతే అని రూలు. మేం ఆడేదే ఆరు ఓవర్లు.

రేడియో_పిన్ని:
పుల్లఐస్ గారూ, ఒక చిన్న మాట. మీరు మార్చి 13 వద్దన్నారు గానీ, మావాళ్లెవరికీ అది వదల్లేదు చూశారా? నాకూ ఆ రాత్రి ఉంది. సచిన్ అవుటయ్యాక మా ట్రాన్సిస్టర్ పూర్తిగా మూగబోయింది. మేం ఓడిపోతామని తెలిసి కూడా, మ్యాచ్ ఆగిపోయిన సంగతి తెలియక, మర్నాడు పొద్దున పేపరు వచ్చేదాకా కుంబ్లే, కాంబ్లీ ఇంకా ఆడుతున్నారనే అనుకున్నాం.

పుల్లఐస్:
ఒప్పుకుంటున్నానండీ పిన్నిగారూ. టైటిల్ మార్చమంటే మారుస్తాను.

మోడరేటర్:
టైటిల్ ఉండనివ్వండి.

మున్సిపల్_నార్త్:
కొత్త మెంబర్ని, ఈ థ్రెడ్ కోసమే రిజిస్టర్ అయ్యాను. ఫిబ్రవరి 23న అదే గ్యాలరీలో నేనూ ఉన్నాను, మా మావయ్యతో. సాయంత్రం గేటు దగ్గర తోపులాటలో ఆయన కాలికి ఎవరిదో చెప్పు తగులుకుని వచ్చేసింది. నీలం పట్టీ, మడమ దగ్గర పిన్నీసు గుచ్చి ఉంది. మీది కుడిదా, ఎడమదా?

పుల్లఐస్:
ఎడమది. పిన్నీసు మా అమ్మ గుచ్చింది.